ప్రాచీన గ్రీకు వ్యక్తినామాలను డిజిటల్ డేటాబేసుల్లో వెతకడం ఎలా

ప్రాచీన గ్రీకు ప్రపంచంలో మనకు పేరు తెలిసినవారిలో అత్యధికులు చరిత్ర గ్రంథాల్లో కనిపించరు. సమాధి రాళ్ళ మీద, దాన శాసనాల్లో, సైనికుల జాబితాల్లో, విముక్తి పొందిన బానిసల పత్రాల్లో ఒక్కసారి మాత్రం కనిపించి మాయమైపోతారు. అలాంటి పేర్లను లక్షల సంఖ్యలో సేకరించిన డేటాబేసులు ఇప్పుడు ఇంటి నుంచే అందుబాటులో ఉన్నాయి. గ్రీకు అక్షరమాల వచ్చి, నిఘంటువు తిరగేసే పాటి పరిచయం ఉంటే చాలు, మీరు వీటితో అర్థవంతమైన పని చేయవచ్చు. అయితే ఇవి ఇచ్చే సమాధానాన్ని ఎలా చదవాలో తెలియకపోతే అంకెలు చేతికి వస్తాయి కానీ చరిత్ర రాదు. అందుకే ఈ వ్యాసంలో ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా వెంట తీసుకువెళతాను.

ఆ ఉదాహరణ ‘మాండ్ర్’ అనే భాగం ఉన్న పేర్లు. మిలేటస్‌కు చెందిన తత్త్వవేత్త అనాక్సిమాండర్ పేరు మీరు వినే ఉంటారు. పర్షియా చక్రవర్తి దరయుస్ సిథియన్ల మీదికి దండెత్తినప్పుడు బోస్ఫరస్ జలసంధి మీద పడవల వంతెన కట్టిన సామోస్ ద్వీపవాసి పేరు మాండ్రోక్లేస్ అని హెరొడోటస్ తన నాలుగో పుస్తకంలో రాశాడు. అదే సామోస్‌లో మాండ్రోబూలోస్ అనే ఒకడు నిధి దొరికిన ఆనందంలో దేవతకు మొదటి ఏడు బంగారు గొర్రెను, మరుసటి ఏడు వెండి గొర్రెను, ఆ పైన కంచు గొర్రెను సమర్పించి, తరవాత అదీ మానేశాడని ఒక సామెత కథ ఉంది. ఈ పేర్లన్నీ ఇప్పటి టర్కీ పడమటి అంచున ఉన్న అయోనియా తీరం చుట్టూ ఎందుకు తిరుగుతున్నాయి? ‘మాండ్ర్’ అంటే ఎవరు, లేదా ఏమిటి? ఒకప్పుడు దీన్ని మరుగునపడిన ఒక దేవుడి పేరుగా భావించారు. మిలేటస్ దగ్గర సముద్రంలో కలిసే మాయాండ్రోస్ నది పేరే ఇలా కుదించుకుపోయిందని మరికొందరు పండితులు వాదించారు. తీర్పు చెప్పడం మన పని కాదు. సాక్ష్యాన్ని సేకరించి వరసలో పెట్టడమే మన పని.

ప్రశ్నను ముందు తేల్చుకోండి

మీరు వెతుకుతున్నది పేరునా, మనిషినా? ఈ రెండూ వేరు వేరు పరిశోధనలు. మాండ్రోక్లేస్ అనే పేరు ఎక్కడెక్కడ, ఏ కాలంలో వాడుకలో ఉందన్నది వ్యక్తినామ అధ్యయనం. వంతెన కట్టిన మాండ్రోక్లేస్ ఎవరు, అతని బంధువులెవరు, అతని పేరున్న శాసనం ఏదైనా దొరికిందా అన్నది వ్యక్తుల చరిత్ర. ఒకే డేటాబేసు రెండింటికీ పనికివస్తుంది కానీ వెతికే తీరు మారుతుంది. మొదటి దానికి వీలైనన్ని రూపాలను విస్తారంగా వెతకాలి. రెండో దానికి ఊరు, తండ్రి పేరు, కాలం పట్టుకొని వడకట్టుకుంటూ పోవాలి. ప్రశ్నను ఒక వాక్యంగా కాగితం మీద రాసుకోనిదే శోధన పెట్టెలో అక్షరం కూడా టైపు చేయవద్దని నా సలహా.

పేరుకున్న రూపాలన్నీ రాసుకోండి

ఇంగ్లీషు పుస్తకాల్లో కనిపించే గ్రీకు పేర్లు చాలావరకు లాటిన్ వేషంలో ఉంటాయి. గ్రీకులో అనాక్సిమాండ్రోస్ అయినవాడు అక్కడ అనాక్సిమాండర్ అవుతాడు. మాయాండ్రియోస్ అయినవాడు మియాండ్రియస్ అవుతాడు. డేటాబేసులు గ్రీకు రూపాన్నే ప్రమాణంగా తీసుకుంటాయి కాబట్టి, కంప్యూటర్‌లో స్వర చిహ్నాలన్నీ రాయగల (పాలిటోనిక్) గ్రీకు కీబోర్డును అమర్చుకొని నేరుగా గ్రీకు లిపిలో టైపు చేయడం అన్నిటికన్నా మంచిది.

మాండలిక భేదాలు రెండో చిక్కు. ఏథెన్స్‌లో డెమెట్రియోస్ అని రాసే పేరును డోరిక్ మాట్లాడే ప్రాంతాల్లో డామాట్రియోస్ అని రాసేవారు. ఏథెన్స్‌లోనూ అయోనియాలోనూ ‘డెమో’ అని మొదలయ్యే పేర్లకు దక్షిణ గ్రీసులోని పెలోపొన్నీస్‌లో ‘డామో’ జత ఉంటుంది. మూడోది విభక్తి. శాసనాల్లో తండ్రి పేరు షష్ఠీ విభక్తిలో వస్తుంది కాబట్టి మాండ్రోక్లేస్ కొడుకు దగ్గర ఆ పేరు మాండ్రోక్లేయూస్ అనో, అయోనియన్ రీతిలో మాండ్రోక్లెయోస్ అనో ఉంటుంది. వ్యక్తినామాల డేటాబేసు ఈ రూపాలను ప్రథమా విభక్తిలోకి మార్చి పెడుతుంది. శాసన పాఠాల డేటాబేసు మార్చదు, రాతి మీద ఉన్నది ఉన్నట్టే ఇస్తుంది. అందువల్ల మొదటి దాంట్లో పూర్తి పేరును, రెండో దాంట్లో విభక్తి ప్రత్యయం తీసేసిన మొదలును వెతకాలి.

గ్రీకు పేర్లు మరో భాష మీదుగా మనకు చేరినప్పుడు ఈ పని ఇంకా జటిలమవుతుంది. అశోకుడి 13వ శిలాశాసనం అయిదుగురు యవన (గ్రీకు) రాజులను పేర్కొంటుంది. ఆయన 14 పెద్ద శిలాశాసనాల ప్రతి ఒకటి కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉందని తెలుగు పాఠకులకు తెలుసు. అక్కడి అంతియోక గ్రీకు అంటియోకోస్. మక అనే రాజు ఉత్తర ఆఫ్రికాలోని కిరీనీని ఏలిన మగస్. అలికసుదర అంటే అలెగ్జాండర్ అని చెప్పగలం కానీ, అతను ఎపిరస్ రాజా, కొరింత్ పాలకుడా అన్న వాదం తెగలేదు. పేరును గుర్తుపట్టడం వేరు, మనిషిని గుర్తుపట్టడం వేరు అనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు.

ఎల్‌జీపీఎన్‌తో మొదలుపెట్టండి

లెక్సికాన్ ఆఫ్ గ్రీక్ పర్సనల్ నేమ్స్‌ను పండితులు ఎల్‌జీపీఎన్ అని పిలుస్తారు. 1972లో పీటర్ ఫ్రేజర్ బ్రిటిష్ అకాడమీ ఆధ్వర్యంలో దీన్ని మొదలుపెట్టారు. ఇది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కొనసాగుతోంది. గ్రీకు అక్షరమాలతో రాత మొదలైన నాటి నుంచి సుమారు క్రీ.శ. 6వ శతాబ్దం దాకా, శాసనాలు, నాణేలు, సాహిత్యం, కుండల మీది రాతలు, ఇలా ఎక్కడ పేరు కనిపించినా ఏరి పెట్టడం దీని ధ్యేయం. 35 వేలకు పైగా పేర్లు, 3 లక్షలకు పైగా వ్యక్తులు ఇందులో ఉన్నారు. పురాణ పాత్రలకు ఇందులో చోటు లేదు. అంతకు ముందరి మైసీనియన్ కాలపు మట్టి పలకల మీది పేర్లను కూడా తీసుకోలేదు.

ఆన్‌లైన్‌లో అంతా ఒకే చోట కనిపించినా, దీని లోపలి అమరిక అచ్చు సంపుటాల ప్రకారమే ఉంటుంది కాబట్టి ఆ విభజన తెలిసి ఉండాలి. 1987లో వచ్చిన మొదటి సంపుటం ఏజియన్ ద్వీపాలు, సైప్రస్, కిరీనీ ప్రాంతాలది. 1994లో వచ్చిన రెండోది ఏథెన్స్ నగరమున్న అట్టికాది. ఆ తరవాత 1997లో పెలోపొన్నీస్, పశ్చిమ గ్రీసు, సిసిలీ, దక్షిణ ఇటలీ; 2000లో మధ్య గ్రీసు; 2005లో మాసిదోనియా, థ్రేస్, నల్ల సముద్రపు ఉత్తర తీరం వచ్చాయి. ఆసియా మైనర్‌కు మూడు భాగాలు పట్టాయి: 2010లో పాంటోస్ నుంచి అయోనియా వరకు, 2013లో కారియా నుంచి సిలీషియా వరకు, 2018లో లోతట్టు ప్రాంతాలు. ఈజిప్టు ఈ సంపుటాల్లో లేదు, దాని సంగతి తరవాత చెబుతాను.

మన ఉదాహరణకు మొదట చూడవలసినవి సామోస్ ఉన్న మొదటి సంపుటం, మిలేటస్ ఉన్న 2010 నాటి భాగం. అక్కడితో ఆగవద్దు. నల్ల సముద్ర తీరాన ఓల్బియా, ఇస్ట్రోస్ వంటి పట్టణాలు మిలేటస్ వలసలు. వలస వెళ్ళినవారు పేర్లనూ వెంట తీసుకువెళ్ళారు కాబట్టి 2005 సంపుటాన్ని కూడా తప్పకుండా తెరవాలి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. పేరు మధ్యలోనో చివరోనో ‘మాండ్ర్’ వచ్చే రూపాలన్నీ వెతికితే స్కమాండ్రియోస్, స్కమాండ్రోస్ వంటివి కూడా వలలో పడతాయి. వాటి మూలం ట్రాయ్ దగ్గరి స్కమాండ్రోస్ నది. అక్షరాలు కలిసినంత మాత్రాన అవి మన పేర్లకు బంధువులు కావు. పైగా ట్రాయ్ ప్రాంతమూ అయోనియా కూడా ఒకే భాగంలో ఉన్నాయి కాబట్టి సంపుటాన్ని బట్టి వేరు చేయడం కుదరదు. శోధన ఫలితాలను కంటితో ఒక్కొక్కటిగా చూసి, ‘స్క’తో మొదలయ్యేవాటిని పక్కన పెట్టండి. మాయాండ్రియోస్ వంటి పేర్లను మాత్రం వదిలేయకండి. నది వాదానికి అవే ముఖ్య సాక్షులు కాబట్టి వాటిని వేరే వరసలో ఉంచండి.

ఒక్కో నమోదును నిదానంగా చదవండి

ఎల్‌జీపీఎన్‌లో ఒక్కో నమోదు ఒక్క పంక్తి మాత్రమే ఉంటుంది: పేరు, ఊరు, కాలం, ఆధార గ్రంథం, తెలిసినంత మేరకు తండ్రి లేదా కొడుకు పేరు. ఆ పంక్తిలో ఎంతో నిర్ణయం దాగి ఉంటుంది. కాలం చిన్న రోమన్ అంకెల్లో శతాబ్దంగా ఉంటుంది. రెండు శతాబ్దాల మధ్య ఏటవాలు గీత ఉంటే ఒకదాని చివరో మరోదాని మొదలో అని అర్థం. ‘హెలెనిస్టిక్’ (అలెగ్జాండర్ తరవాతి కాలం), ‘సామ్రాజ్య కాలం’ (రోమన్ చక్రవర్తుల కాలం) అనే మాటల సంక్షిప్తాలు మాత్రమే ఉంటే, అక్షరాల తీరును బట్టి అంతకన్నా దగ్గరగా చెప్పలేమని సంపాదకులు ఒప్పుకున్నట్టు లెక్క. ప్రశ్నార్థకం ఉన్న ప్రతి చోటా మీ నోట్సులో కూడా ప్రశ్నార్థకం పెట్టండి. నకలు చేసుకునేటప్పుడు అందరూ మొదట జారవిడిచేది దాన్నే.

ఊరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అక్కడ రాసి ఉండేది రాయి దొరికిన చోటు కాదు, మనిషి స్వస్థలం. రోమన్ల కాలంలో ఏథెన్స్‌లో చనిపోయి అక్కడే సమాధి అయిన మిలేటస్‌వాళ్ళు చాలామంది ఉన్నారు. వారి సమాధి రాళ్ళ మీద ‘మిలేటస్‌వాడు’, ‘మిలేటస్‌ది’ అని స్పష్టంగా చెక్కి ఉంటుంది. అలాంటివారు అట్టికా కింద కాక మిలేటస్ కింద నమోదవుతారు. పేరు ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు ఈ పద్ధతి ఎంతో మేలు చేస్తుంది. ఏథెన్స్ వీధుల్లో ఏ పేర్లు వినిపించేవన్న ప్రశ్నకు మాత్రం ఇదే అడ్డు వస్తుంది. మగస్ లాంటి రాజుల విషయంలో స్వస్థలం ఏదన్నదే వివాదం కావచ్చు. కిరీనీ కిందా మాసిదోనియా కిందా రెండు చోట్లా చూడటం మేలు.

ఇంకొకటి: ఒకే పేరున్న రెండు శాసనాలు ఒకే మనిషివా, ఇద్దరివా అన్నది సంపాదకులు తీర్చిన తగువు. ఏథెన్స్‌లో పౌరుడికి సొంత పేరు, తండ్రి పేరు, తన డెమోస్ (పౌరుడు నమోదయ్యే స్థానిక విభాగం) పేరు మూడూ రాసే ఆచారం ఉంది. ఏథెన్స్ నాయకుడు క్లెయిస్థెనేస్ చేసిన సంస్కరణల తరవాత అలాంటి డెమోస్‌లు 139 ఉండేవి కాబట్టి, మూడూ కలిసినప్పుడు గుర్తింపు గట్టిగా ఉంటుంది. చిన్న ఊళ్ళలో ఒక్క పేరే మిగిలినప్పుడు అది ఊహే. పైగా గ్రీకులు మనలాగే తాత పేరు మనవడికి పెట్టేవారు కాబట్టి, అవే రెండు పేర్లు తండ్రీకొడుకుల వరసలో తలకిందులవుతూ తరతరాలు సాగుతాయి. అరవై ఏళ్ళ తేడాతో దొరికిన ఇద్దరు ‘మాండ్రోక్లేస్ కొడుకు’లను ఒకరిగా కలిపే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

శాసన పాఠం చూడనిదే ముందుకు పోకండి

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. వ్యక్తినామాల డేటాబేసు దారి మాత్రమే చూపుతుంది, సాక్ష్యం శాసనంలో ఉంటుంది. ప్యాకర్డ్ హ్యుమానిటీస్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే గ్రీకు శాసనాల సైటులో ప్రాంతాల వారీగా, ప్రచురణల వారీగా పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఎల్‌జీపీఎన్‌లోని ఆధార గ్రంథం సంఖ్యను పట్టుకొని అక్కడ పాఠాన్ని తెరవండి. ఆ సైటులో అనువాదాలు ఉండవు. ఏథెన్స్ శాసనాలకు మాత్రం అట్టిక్ ఇన్‌స్క్రిప్షన్స్ ఆన్‌లైన్ అనే సైటులో ఇంగ్లీషు అనువాదం, వివరణ చాలావాటికి ఉన్నాయి. కొత్తగా దొరికిన శాసనాలు, పాత వాటికి వచ్చిన సవరణలు సప్లిమెంటమ్ ఎపిగ్రాఫికమ్ గ్రేకమ్ అనే వార్షిక సంపుటాల్లో వస్తాయి. 1923 నుంచి వస్తున్న ఈ సంపుటాల ఆన్‌లైన్ ప్రతికి చందా కావాలి కాబట్టి విశ్వవిద్యాలయ గ్రంథాలయం సాయం తీసుకోండి.

పాఠంలోని గుర్తులు 1931లో లైడెన్‌లో కుదిరిన పద్ధతిని అనుసరిస్తాయి. చదరపు బ్రాకెట్లలో ఉన్నది రాతి మీద లేదు, సంపాదకుడు పూరించినది. గుండ్రని బ్రాకెట్లలో ఉన్నది చెక్కినవాడు కుదించి రాసిన మాటకు పూర్తి రూపం. అక్షరం కింద చుక్క ఉంటే ఆ అక్షరం సరిగా కనిపించడం లేదని అర్థం. పేరు మొదటి ఆరు గ్రీకు అక్షరాలు బ్రాకెట్లలో ఉండి ‘ఆండ్రోస్’ ఒక్కటే రాతి మీద మిగిలిందనుకోండి. దాన్ని అనాక్సిమాండ్రోస్ అని పూరించడానికి సంపాదకుడికి కారణాలు ఉండవచ్చు కానీ, మీ లెక్కలో ‘మాండ్ర్’కు అది సాక్ష్యం కాదు. పూరించిన పేరును సాక్ష్యంగా లెక్కపెట్టడమంటే, తేల్చవలసిన విషయాన్నే ముందుగా నమ్మేయడం.

ఈజిప్టు దారి వేరు

ఈజిప్టు ఇసుకలో పపైరస్ పత్రాలు అసంఖ్యాకంగా మిగిలాయి కాబట్టి అక్కడి పేర్లకు ప్రత్యేక వేదికలు ఏర్పడ్డాయి. బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే ట్రిస్మెగిస్టోస్‌లో పేర్లకు, వ్యక్తులకు వేరు వేరు విభాగాలున్నాయి. ఒక పేరుకు గ్రీకులోనూ, ఈజిప్టు భాషను రాసిన డెమోటిక్, కాప్టిక్ లిపుల్లోనూ ఉన్న రూపాలన్నీ ఒకే గుర్తింపు సంఖ్య కింద చేరతాయి. ఈజిప్టు పేర్లను గ్రీకు చెవితో విని రాసిన రూపాలు ఒక్కోసారి గుర్తుపట్టరానంతగా మారతాయి కాబట్టి ఈ ఏర్పాటు చాలా విలువైనది. పత్రాల పాఠం కోసం పపైరై డాట్ ఇన్ఫో చూడండి. డ్యూక్ విశ్వవిద్యాలయం, హైడెల్‌బర్గ్ సేకరణలు అక్కడ కలిసి ఉన్నాయి.

ఈజిప్టులో ఒకే మనిషికి రెండు పేర్లు ఉండటం మామూలే: ఫలానా, అతనికే మరో పేరు ఫలానా అని పత్రాల్లో రాసేవారు. గ్రీకు పేరున్నంత మాత్రాన మనిషి గ్రీకువాడు కాడు. ఈ హెచ్చరిక మిగతా చోట్లకూ వర్తిస్తుంది.

అర్థం చెప్పే ముందు

చాలా గ్రీకు పేర్లు రెండు పదాల సమాసాలు. పూర్వపదాన్నీ ఉత్తరపదాన్నీ విడదీసి చూపే భాషావిశ్లేషణ విభాగం ఎల్‌జీపీఎన్‌కు అనుబంధంగా ఆన్‌లైన్‌లో ఉంది. 1917లో ఫ్రీడ్రిష్ బెక్టెల్ కూర్చిన జర్మన్ గ్రంథం ఈ రంగంలో ఇప్పటికీ పనికివస్తుంది. మాండ్రోడోరోస్ అంటే ‘మాండ్ర్ ఇచ్చిన కానుక’. ‘డోరోస్’ ఉత్తరపదంగా ఉన్న పేర్లలో పూర్వపదం సాధారణంగా దేవుడిదో నదిదో కావడం మన ఉదాహరణలో బలమైన ఆధారం. అయితే ప్రతి సమాసానికీ అర్థం లాగకండి. అరిస్టోఫనేస్ ‘మేఘాలు’ నాటకంలో తల్లి కొడుకు పేరులో దర్జాగా గుర్రం ఉండాలని, తండ్రి తాత పేరులోని పొదుపు ఉండాలని పోట్లాడి, చివరికి రెండూ కలిపి ఫెయిడిప్పిడేస్ అని పెడతారు. ‘పొదుపు గుర్రం’ అన్న అర్థం ఎవరూ ఉద్దేశించలేదు. ఇంటి ఆచారం వల్ల ముక్కలు కలిశాయి, అంతే.

నమోదు, లెక్క

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో వ్యక్తికి ఒక్కో వరస ఇవ్వండి. గ్రీకు రూపం, ఎల్‌జీపీఎన్ గుర్తింపు సంఖ్య, స్వస్థలం, రాయి దొరికిన చోటు, శాసన సంఖ్య, పూరింపు ఉందా లేదా, మీ సందేహం: వీటికి విడివిడి గడులు ఉండాలి. కాలాన్ని మాటల్లో కాక రెండు సంఖ్యలుగా రాయండి, క్రీ.పూ. 4వ శతాబ్దం అంటే మైనస్ 400 నుంచి మైనస్ 301. ఊళ్ళకు ప్లీయడీస్ అనే ప్రాచీన స్థలాల సూచికలోని సంఖ్యను జత చేస్తే, తరవాత పటం మీద చుక్కలు పెట్టడం సులువు.

లెక్క చెప్పేటప్పుడు ఎప్పుడూ నిష్పత్తిలో చెప్పండి. అట్టికా సంపుటం ఒక్కదానిలోనే 60 వేలకు పైగా వ్యక్తులున్నారు. కొన్ని పట్టణాల నుంచి మొత్తం కలిపి వంద పేర్లు కూడా లేవు. ఏథెన్స్‌లో అయిదుగురు, చిన్న ద్వీపంలో అయిదుగురు దొరికితే అవి సమానమైన అయిదులు కావు. మిగిలిన రాళ్ళు ఎలాంటివన్నది కూడా చూడాలి. డెల్ఫీ గోడల మీద చెక్కిన బానిస విముక్తి పత్రాల్లో వెయ్యికి పైగా బానిసల ప్రస్తావన ఉంది. అందుకే మధ్య గ్రీసు సంపుటంలో డెల్ఫీ బానిసల పేర్లు ప్రస్ఫుటంగా కనిపిస్తాయి, అలాంటి రాత లేని పక్క ఊళ్ళ బానిసలు కనిపించరు. స్త్రీల సంఖ్య అన్ని చోట్లా తక్కువే. ఏథెన్స్ న్యాయస్థానాల ప్రసంగాల్లో బతికి ఉన్న గౌరవనీయ స్త్రీని పేరుతో పిలవకుండా ‘ఫలానా వాడి భార్య’ అనడమే మర్యాదగా ఉండేది. ఇక క్రీ.శ. 212లో చక్రవర్తి కరకల్లా సామ్రాజ్యంలోని స్వేచ్ఛాజనులకు దాదాపు అందరికీ రోమన్ పౌరసత్వం ఇచ్చాక ‘అవ్రేలియోస్’ అనే ఇంటిపేరు వరదలా వస్తుంది. మీ పటంలో అది హఠాత్తుగా పెరిగితే కొత్త ఫ్యాషన్ వచ్చిందని రాయకండి.

చివరగా, మీ ఫలితాన్ని రాసేటప్పుడు ప్రతి వ్యక్తికీ ఎల్‌జీపీఎన్ సంఖ్యతో పాటు శాసన ప్రచురణ సంఖ్యనూ, మీరు డేటాబేసు చూసిన తేదీనీ ఇవ్వండి. ఆన్‌లైన్ నమోదులు సవరణకు లోనవుతుంటాయి. వచ్చే ఏడాది ఎవరైనా మీ మాండ్రోక్లేస్‌ను వెతికితే కాలం ఒక శతాబ్దం జరిగి ఉండవచ్చు, లేదా ఇద్దరు ఒక్కరై ఉండవచ్చు. శాసన సంఖ్య ఉంటే ఆ పాఠకుడు మీరు చూసిన రాయి దగ్గరికే నేరుగా వెళ్ళి, మీరు చెప్పింది సరో కాదో తానే చూసుకోగలడు.